నయాగరా అయిపోయింది, ఇంకేం చూపించాలి?

ప్రశ్న: మేం ఇల్లినాయ్‌లోని బ్లూమింగ్టన్‌లో ఉంటాం. అమ్మా నాన్నా తెనాలి నుంచి వచ్చారు. నయాగరా, న్యూయార్క్, షికాగో, అరోరా గుడి అన్నీ అయిపోయాయి. నాన్న రిటైర్డ్ హెడ్మాస్టరు. కిటికీలోంచి చూస్తూ "ఇక్కడ మొక్కజొన్న తప్ప ఇంకేమీ లేదా?" అంటున్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. లాంగ్ వీకెండ్ మూడు రోజులు ఖాళీ. ఎటు తీసుకెళ్ళమంటారు?
- ఒక పాఠకుడు

జవాబు: విమానం టికెట్లు కొనే పని లేదు. పొద్దున్నే కారు తీసి ఇంటర్‌స్టేట్ 55 మీద దక్షిణంగా వెళ్ళండి. రెండున్నర గంటల్లో కాలిన్స్‌విల్ వస్తుంది. ఆ ఊళ్ళో కెచప్ సీసా ఆకారంలో 170 అడుగుల వాటర్ ట్యాంకు ఉంది, 1949లో కట్టింది. ఒక ఫోటో తీసుకుని కదలండి, అక్కడ పది నిమిషాలు చాలు. ఆ పక్కనే ఉన్న కహోకియా దిబ్బలకి మాత్రం కనీసం సగం పూట పెట్టుకోండి.

నేను సెయింట్ లూయిస్‌లో ఉంటాను. మా ఇంటికి ఎవరొచ్చినా ఊళ్ళో ఉన్న గేట్‌వే ఆర్చ్ అనే పెద్ద కమాను కన్నా ముందు ఇక్కడికే తీసుకొస్తాను. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఇది వేలమంది నివసించిన నగరం. కొలంబస్ అప్పటికి పుట్టనే లేదు. మాంక్స్ మౌండ్ అనే పెద్ద దిబ్బ వంద అడుగుల ఎత్తు, పద్నాలుగు ఎకరాల అడుగు. బండి లేదు, గుర్రం లేదు, ఎద్దు లేదు. మనుషులు మట్టి తవ్వి, బుట్టలకెత్తుకుని, మోసుకొచ్చి పోసిందే అదంతా. యునెస్కో 1982లోనే దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తెనాలి వాళ్ళంటే మీ నాన్నగారు భట్టిప్రోలు స్తూపం చూసే ఉంటారు. అక్కడైతే ఇటుక, ఇక్కడ వట్టి మట్టి. ఇన్ని వందల ఏళ్ళ వానలకి ఇది కరిగిపోకుండా ఎలా నిలిచిందని ఆయన తప్పకుండా అడుగుతారు, ముందే కాస్త చదువుకుని వెళ్ళండి. పైకి నూట యాభై పైచిలుకు మెట్లు. అమ్మగారిని ఎక్కించకండి, కింద చదునుగా ఉంది, నడవొచ్చు. ఒక మడత కుర్చీ కారులో పడేసుకోండి.

రెండో రోజు ఇంటర్‌స్టేట్ 70 మీద తూర్పుగా రెండు గంటలు వెళితే కేసీ. జనాభా దాదాపు 2,400. ప్రపంచంలోకెల్లా పెద్ద విండ్ చైమ్ (గాలికి మోగే గొట్టాల గుత్తి), పెద్ద ఊగే కుర్చీ, పెద్ద పోస్టుడబ్బా ఈ చిన్న ఊళ్ళోనే ఉన్నాయి. టికెట్ లేదు. ఊరికి నలుగురూ రావాలని జిమ్ బోలిన్ అనే స్థానిక వ్యాపారి 2011లో విండ్ చైమ్‌తో మొదలుపెట్టాడు. అది 55 అడుగుల ఎత్తు. దాని కింద ఒక తాడు వేలాడుతుంటుంది. మా అత్తగారు మొదట మొహమాటపడి, తర్వాత రెండు చేతులా పట్టుకుని లాగారు. పైన గొట్టాలు మెల్లగా కదిలి, ఒక క్షణం ఆగి, గుడిగంట కన్నా లావుపాటి శబ్దం వచ్చింది. పక్కన ఐస్‌క్రీం తింటున్న పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆవిడ మళ్ళీ లాగారు. పోస్టుడబ్బా లోపలికి మెట్లెక్కి వెళ్ళి, మూతలోంచి వీధిని చూడొచ్చు. అది మీ నాన్నగారికి వదిలేయండి.

మూడో రోజుకి ఇండియానాలోని కొలంబస్. ఈ ఊరికోసమే నేను ఈ జవాబు ఇంత పొడుగు రాస్తున్నాను. కమిన్స్ డీజిల్ ఇంజిన్ల ఊరు కాబట్టి మనవాళ్ళు చాలామంది ఉన్నారు, మీకూ తెలిసినవాళ్ళు ఎవరో ఉండే ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ ఊళ్ళో పిల్లలు పెరిగారు, బళ్ళు చాల్లేదు. కమిన్స్ కంపెనీ పెద్ద జె. ఇర్విన్ మిల్లర్ ఒక మాటిచ్చాడు: మంచి ఆర్కిటెక్టుల జాబితా మేమిస్తాం, అందులోంచి మీరు ఎంచుకోండి, ఫీజు మా ఫౌండేషన్ కడుతుంది. అలా హారీ వీస్ గీసిన లిలియన్ ష్మిట్ ప్రాథమిక పాఠశాల 1957లో వచ్చింది. ఆ తర్వాత బళ్ళు, ఫైర్ స్టేషన్లు వరసగా లేచాయి. రాబర్ట్ వెంచురీ గీసిన నాలుగో నంబర్ ఫైర్ స్టేషన్ రోడ్డు మీంచే కనిపిస్తుంది. ఐ.ఎం. పేయ్ గీసిన లైబ్రరీ 1969 నాటిది, ముందు హెన్రీ మూర్ కంచు కమాను ఉంటుంది, దాని కిందుగా నడవొచ్చు. ఎదురుగానే ఎలియెల్ సారినెన్ 1942లో కట్టిన చర్చి. జీవితమంతా బడిలో గడిపిన మనిషికి, బడి కోసం ఇంత పట్టింపు పట్టిన ఊరిని చూపించడం కన్నా ఇంకేం కావాలండీ?

మిల్లర్ కుటుంబం ఇల్లు కూడా చూడొచ్చు కానీ ముందే బుక్ చేసుకోవాలి, త్వరగా నిండిపోతాయి. ఒక జాగ్రత్త: ఇండియానాలో అడుగుపెట్టగానే గడియారం గంట ముందుకు పోతుంది. టూర్ టైముకి ఆ లెక్క మర్చిపోకండి. సాయంత్రం జహరాకోస్ అనే ఐస్‌క్రీం పార్లర్‌కి తీసుకెళ్ళండి, 1900 నుంచి ఉంది.

ప్రశ్న: కాన్సస్ సిటీలో ఉంటాం. పిల్లలకి తొమ్మిదేళ్ళు, ఆరేళ్ళు. కాన్సస్ రాష్ట్రంలోనే కాకర్ సిటీలో ఉన్న పేద్ద తాడు ఉండ చూడటానికి అంత దూరం వెళ్ళడం దండగ అంటున్నారు మావారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: దండగ కాదమ్మా, వెళ్ళండి. ఫ్రాంక్ స్టోబర్ అనే రైతు 1953లో గడ్డి మోపులు కట్టే కిత్తనార తాడు ముక్కల్ని పారేయకుండా చుట్టడం మొదలుపెట్టాడు. ఆయన పోయాక ఊరు ఆపలేదు. ఏటా ఆగస్టులో జనం పోగై ఇంకా చుడుతూనే ఉన్నారు. మామూలు రోజుల్లో వెళ్ళినా మీ పిల్లలు తమ వంతు తాడు చుట్టొచ్చు. మినెసొటాలోని డార్విన్‌లో ఒక్క మనిషి చుట్టిన ఉండ ఉంది, అదీ గొప్పదే కానీ ముట్టుకోవడానికి లేదు. పిల్లలకి చెయ్యి పెట్టే చోటే బాగుంటుంది.

అంత దూరం ఒక్కదానికే వెళ్ళకుండా హచిన్‌సన్ కూడా కలుపుకోండి. స్ట్రాటకా ఉప్పుగని 650 అడుగుల లోతున ఉంటుంది, లిఫ్టు చీకట్లో దిగుతుంది, చిన్నవాడి చెయ్యి పట్టుకోండి. అదే ఊళ్ళో కాస్మోస్ఫియర్ అనే అంతరిక్ష మ్యూజియంలో అపోలో 13 వ్యోమగాములు భూమికి తిరిగొచ్చిన అసలు మాడ్యూల్ ఉంది. లూకస్‌లో సిమెంటు బొమ్మల తోట ఉంది కానీ అక్కడి సమాధిలో దాన్ని కట్టినాయన శవం గాజు పెట్టెలో కనిపిస్తుంది. ఆరేళ్ళ పిల్లలకి వద్దు.

ప్రశ్న: డేటన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. చేతిలో డబ్బుల్లేవు. ఊరు బోర్ కొడుతోంది.
- ఒక విద్యార్థి

జవాబు: బాబూ, విమానం కనిపెట్టిన అన్నదమ్ముల ఊళ్ళో ఉన్నావు. వైమానిక దళ మ్యూజియం పూర్తిగా ఉచితం. 1963లో లిండన్ జాన్సన్ అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన విమానంలోకి ఎక్కి నడవొచ్చు. ఒక్క రోజులో చూడటం కుదరదు, మధ్యాహ్నానికి పులిహోర కట్టుకుని వెళ్ళు. రైట్ సోదరుల సైకిల్ షాపుకీ టికెట్ లేదు. వాళ్ళు 1905లో నడిపిన ఫ్లయర్ విమానం మాత్రం కరిల్లాన్ పార్కులో ఉంది, దానికి టికెట్ ఉంటుంది, స్టైపెండ్ వచ్చిన వారం వెళ్ళు.