లోహాయానులా, లోహ అయాన్లా?

సందేహం: మాది బరంపురం. తెలుగు బడిలో సైన్సు చెబుతాను. పిల్లల ప్రదర్శన కోసం ఒక చార్టుకి 'నీటిలోని రేడియోధార్మిక లోహాయానుల నిర్ధారక విద్యుత్ రసాయన సంవేదిని' అని పేరు పెట్టాను. తోటి మాస్టారు 'లోహ అయాన్లు' అనాలంటున్నారు. ఏది ఒప్పు? ఒడియాలో 'తేజస్క్రియ' అంటారు కదా, మనమూ అనొచ్చా?

సమాధానం: మీ తోటి మాస్టారి మాటే ఒప్పు. సవర్ణదీర్ఘసంధి సంస్కృత పదాల మధ్య జరిగేది. అయాన్ ఇంగ్లీషు మీదుగా మనకొచ్చిన గ్రీకు మాట. 'లోహాయానులు' అని కలిపేస్తే చదివే పిల్లవాడికి అయాన్ కనబడకుండా పోయి, ఇనుప బండేదో కళ్ళముందు మెదులుతుంది. విడిగానే రాయండి. విద్యుత్, రసాయన రెండూ సంస్కృతమే కాబట్టి వాటిని 'విద్యుద్రసాయన' అని కలపొచ్చు, విద్యుద్విశ్లేషణ లాగా. చార్టు మీద మాత్రం విడిగా ఉంటేనే హాయి.

తేజస్క్రియ మీ ఊరి పిల్లలకు ఒడియా పుస్తకాల్లో పరిచయమే, నోటితో చెప్పేటప్పుడు వాడండి. తెలుగులో తేజస్సు అంటే ముఖంలో వెలిగే కళ. యురేనియానికి అంత మర్యాద దేనికి? రేడియోధార్మిక స్థిరపడిన మాట. అందులో ధర్మమంటే గుణం, దానధర్మాలతో సంబంధం లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. మీ చార్టు పేరు చదివితే ఆ పరికరం రేడియేషన్‌ని కొలుస్తుందనిపిస్తుంది. అది గీగర్ కౌంటర్ పని. మీ సంవేదినిలో, అంటే సెన్సర్‌లో, ఎలక్ట్రోడులుంటాయి. నీళ్ళలో కరిగిన యురేనియం ఎక్కువగా ఆక్సిజన్‌తో కలిసి, యురేనిల్ అయాన్ రూపంలో ఉంటుంది. దాన్ని ముందు ఎలక్ట్రోడు మీద పోగుపడనిచ్చి, తర్వాత వోల్టేజిని మెల్లగా మారుస్తూ కరెంటు చూస్తారు. గ్రాఫులో కరెంటు గీత ఏ వోల్టేజి దగ్గర పైకి లేచిందో చూస్తే అది ఏ లోహమో, ఎంత ఎత్తు లేచిందో చూస్తే ఎంత ఉందో తెలుస్తుంది. యురేనియం 235కీ 238కీ తేడా దానికి తెలియదు, రసాయనంగా రెండూ ఒకటే. తాగేనీళ్ళకి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు కూడా బరువు లెక్కలోనే ఉంది, లీటరుకి 30 మైక్రోగ్రాములు. ఎందుకంటే యురేనియంతో ముందుగా దెబ్బతినేవి కిడ్నీలు, అదీ దాని రసాయన గుణం వల్లే. కాబట్టి పేరులో లోహం ముందుండాలి, రేడియోధార్మికత లోపలి వివరణలోకి పోవాలి.

మీ జిల్లా ఛత్రపురం ఇసుకలో దొరికే మోనజైటు అనే ఖనిజంలో థోరియం అనే మరో రేడియోధార్మిక లోహం ఉంది కదా అని దాన్ని ఉదాహరణగా పెట్టకండి, అది నీళ్ళలో అంత తేలిగ్గా కరగదు.

ఇక 'సంవేదిని'. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మీ పక్క జిల్లాలోనే ఉంది, అక్కడ ఎవరినైనా ఈ మాట అడిగి చూడండి! సెన్సర్ అంటే చాలు. 'నిర్ధారక' బదులు పసిగట్టే అనండి. పసి అంటే వాసన. కంటికి కనబడనిదాన్ని పట్టుకోవడానికి అంతకన్నా అతికే క్రియ నాకు తోచలేదు. 'కనిపెట్టే' అంటే కొత్తగా తయారుచేయడమనే అర్థమూ అడ్డొస్తుంది.

నేనైతే 'బోరు నీళ్ళలో యురేనియాన్ని పసిగట్టే సెన్సర్' అని రాసి, కింద చిన్న అక్షరాల్లో 'విద్యుత్ రసాయన పద్ధతి' అంటాను. 'యురేనియంను' అని పత్రికల్లో కనబడుతోంది గాని, పుస్తకం పుస్తకాన్ని అయినట్టే యురేనియం యురేనియాన్ని అవుతుంది.