తొడకు వేసే మొదటి సూది

చిట్టితల్లీ,

నిన్న ఫోన్లో మీ ఆయన అడిగిన మాట రాత్రంతా బుర్రలో తిరిగింది. "పుట్టిన గంటకే పసిగుడ్డుకి సూదెందుకు అత్తయ్యా, ఓ నెల ఆగి వేయిస్తే పోదా?" అన్నాడు. ముప్పై ఏళ్లు విజయనగరం జిల్లా పల్లెల్లో నర్సుగా తిరిగినదాన్ని, ఆ మాటకి ఫోన్లో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

అది టీకా కాదు, విటమిన్ కె. రక్తం గడ్డకట్టాలంటే అది ఉండాలి. కడుపులో ఉన్నప్పుడు మాయ దాటి బిడ్డకు చేరేది చాలా తక్కువ. తల్లిపాలల్లోనూ తక్కువే. మునగాకు, తోటకూర తింటే పాలల్లోకి వస్తుందని మీ అత్తగారు అన్నారట. తిను, నీ ఒంటికి మంచిదే. కానీ అలా తింటే బిడ్డకు సరిపడా దిగదమ్మా. అలాగని నీ పాల మీద అనుమానం పెట్టుకోకు. ముర్రుపాలతో మొదలుపెట్టి ఆరు నెలలూ నీ పాలే పట్టాలి. ఆ ఒక్క లోటు తీర్చడానికే ఈ సూది.

బొబ్బిలి దగ్గర ఓ ఊళ్లో ఇంట్లోనే పుట్టిన బాబు ఒకడు ఇప్పటికీ నా కళ్లలో ఉన్నాడు. నలభై రోజుల పిల్లాడు. "గుంటడు రాత్రి నుంచి పాలు పట్టట్లేదమ్మా" అంటూ వాళ్ల నాయనమ్మ ఎత్తుకొచ్చింది. ఒళ్లు సున్నంలా పాలిపోయింది, ఏడుపు మూలుగులా ఉంది. టోపీ తీసి మాడు మీద చెయ్యి పెడితే, మెత్తగా ఉండాల్సిన చోట ఉబ్బి గట్టిగా తగిలింది. తలలో రక్తం కారింది. విశాఖ తీసుకెళ్లారు, బతికాడు. కానీ కుడిచెయ్యి సరిగ్గా లేవలేదు. వాడు పుట్టిన మూడో రోజు వాళ్లింటికి వెళ్లింది నేనే. బొడ్డు చూశాను, బరువు తూచాను, ఈ సూది పడిందా అని మాత్రం అడగలేదు. అది నా తప్పే.

ఈ సూది పడకపోతే, మొదటి వారంలో అయితే బొడ్డు దగ్గరో, ముక్కులోంచో, మలంలోనో రక్తం కనబడుతుంది. ఆ తర్వాత ఆరు నెలల లోపు వచ్చేది ఎక్కువగా తలలోనే వస్తుంది, ముందుగా ఏమీ తెలియనివ్వదు. నెల ఆగుదాం అనకూడదని అందుకే అంటున్నాను.

ఈ సూది వల్ల క్యాన్సర్ వస్తుందని మీ ఆయన ఎక్కడో చదివాడట. 1992లో ఇంగ్లండులో ఒక పరిశోధన అలా అనుమానించిన మాట నిజమే. తర్వాత ఎంతో ఎక్కువమంది పిల్లలతో చేసినవాటిల్లో ఆ సంబంధం తేలలేదు. ఆ టెన్షన్ వదిలేయమను.

బిడ్డను ముందు నీ గుండెల మీద వేసుకో, పాలు పట్టు. రొమ్ము పట్టి ఉండగానే సూది వేయమని అడుగు, నొప్పి తక్కువ తెలుస్తుంది. తొడకు ముందువైపు, కాస్త బయటి పక్కగా వేస్తారు. 1 మిల్లీగ్రాము, కిలో కంటే తక్కువ బరువుంటే అందులో సగం. పుట్టిన ప్రతి బిడ్డకూ వేయాలని 2014లోనే కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. "టీకాలన్నీ వేసేశాం" అంటే సరిపెట్టుకోకు. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి వేరు, ఇది వేరు. డిశ్చార్జి కాగితంలో విటమిన్ కె అని రాసి ఉందో లేదో నీ కళ్లతో చూసుకో. ఒకవేళ దారిలో 108లోనే కాన్పు అయిపోతే, ఆసుపత్రికి చేరగానే అడగాల్సింది ఇదే.

నువ్వు ఫిట్స్‌కి గానీ టీబీకి గానీ మాత్రలు వాడుతుంటే ముందే డాక్టరుకి చెప్పాలి. నీకవి లేవని తెలుసు, కానీ నీ తోడికోడలికి చెప్పు.

బిడ్డకు కామెర్లు రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, మలం తెల్లగా వచ్చినా, దెబ్బ తగలకుండా ఒంటి మీద నల్లమచ్చలు కనబడినా, సూది వేయించాం కదా అని ఊరుకోవద్దు. ఆ రోజే చూపించు.

ఈ ఉత్తరం ఆసుపత్రి సంచిలో పాత చీరముక్కల పైన పెట్టుకో. నొప్పులు మొదలవగానే ఫోన్ చెయ్యి, రాజాం బస్సెక్కి వచ్చేస్తాను.

మీ పెద్దమ్మ