నెలకు 1,500లో బీరు, వైన్ కుదురుతాయా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాం. చేతికొచ్చే జీతం 34,000. నెలలో రెండు శనివారాలు స్నేహితుడితో బార్‌కి వెళ్తాను, మిగతా వారాలు ఇంటికి తెచ్చుకుంటాను. మా ఆవిడకి వైన్ ఇష్టం. పోయిన నెల వీటికే 4,350 అయింది. 1,500కి దించాలి. మా వీధి వైన్స్‌లో బీరు 180 ఉంది. ఇంకా చవకగా ఏ బీరు, ఏ వైన్ కొనాలి? క్రెడిట్ కార్డు మీద 6,200 బాకీ ఉంది, మినిమమ్ కడుతున్నాను. ఒక బార్ బిల్లు ఫొటో పంపుతున్నాను.

జవాబు: బిల్లు చూశాను. రెండు బీర్లు 640, చిల్లీ చికెన్ 380, మసాలా పల్లీలు 150, నీళ్ల సీసా 60, సర్వీస్ ఛార్జ్ 123, పన్నులతో కలిపి 1,385. ఆ రెండు బీర్లూ మీ వీధిలో 360కే వస్తాయి. బ్రాండ్ మారిస్తే సీసాకు ఇరవయ్యో ముప్పయ్యో మిగులుతుంది. అదే స్నేహితుణ్ని ఇంటికి పిలిచి పల్లీలు మీరే వేయించుకుంటే తొమ్మిది వందల పైనే మిగులుతుంది. (ప్లేటు పల్లీలకు 150 ఏమిటండీ, దాదాపు కిలో వస్తాయి!) ఎప్పుడైనా బార్‌కి వెళ్లినా సర్వీస్ ఛార్జ్ తీసేయమని అడగండి. అది తప్పనిసరి కాదని 2022లోనే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలిచ్చింది.

ఇక బీరు. 2025 ఫిబ్రవరిలో తెలంగాణలో బీరు ధరలు సుమారు 15 శాతం పెరిగాయి. చవక బీరుకీ మామూలు బీరుకీ తేడా మాత్రం, పైన చెప్పినట్టు, సీసాకు ఇరవయ్యో ముప్పయ్యో. కాబట్టి నచ్చిన లాగరే (స్ట్రాంగ్ కాని మామూలు బీరు) కొనండి, ధరను మాత్రం మిల్లీలీటర్లలో చూడండి. 650 ఎం.ఎల్. సీసా 180 అంటే వంద ఎం.ఎల్.కి 28 లోపే. 330 ఎం.ఎల్. పింట్‌కి 120 తీసుకుంటే 36 దాటుతుంది. లేబుల్ మీద తయారీ తేదీ చూసి కొత్తది అడగండి. ఎండ తగిలే ర్యాక్‌లోని ఆకుపచ్చ సీసా వద్దు, వెలుతురుకి బీరు వాసన మారుతుంది. గోధుమ రంగు సీసా కాస్త నయం.

‘స్ట్రాంగ్ కొంటే కిక్కు లెక్కన చవక కదా’ అని మీ స్నేహితుడు అంటాడు. లెక్క నిజమే. 5 శాతం సీసాలో ఆల్కహాల్ 32.5 ఎం.ఎల్., 8 శాతం దాంట్లో 52. కానీ నా దగ్గరికొచ్చే ఖర్చుల లెక్కల్లో, స్ట్రాంగ్ తాగిన రాత్రే రెండో సీసా, బిర్యానీ ఆర్డరూ కనిపిస్తుంటాయి.

వైన్స్ అని బోర్డు ఉంటుందే గానీ లోపల వైన్‌కి దక్కేది ఏ మూలో ఒక అర. అక్కడ మరీ చవకగా కనిపించే పోర్ట్ వైన్‌లో తీపే ఎక్కువ. మీ ఆవిడకు అదే నచ్చితే సరే, లేదంటే నాసిక్ వైపు నుంచి వచ్చే మామూలు వైన్లలో తక్కువ ధరది తీసుకోండి. పాతదైతే మంచిదనే మాట ఈ ధరలో చెల్లదు, ఇవి ఒకటి రెండేళ్లలో తాగేయడానికి చేసినవే. మరమూత (తిప్పి తీసే మూత) ఉన్నది చూడండి. 750 ఎం.ఎల్. అంటే ఐదు గ్లాసులు. సీసా 900 అయితే గ్లాసు 180, అంటే మీ బీరు ధరే. మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు రుచి నిలుస్తుంది, ఆ తర్వాత పులుపెక్కుతుంది. మా ఇంట్లో ఒకసారి మిగిలింది చికెన్ కూరలో పోశాం. మళ్లీ పోయలేదు.

గోవా నుంచి తెప్పించుకోవాలని మాత్రం అనుకోకండి. మద్యం జీఎస్టీలో లేదు కాబట్టి రాష్ట్రానికో ధర ఉంటుంది. అందుకే ఇక్కడ సుంకం కట్టని సీసాలను ఎక్సైజ్ వాళ్లు ఎన్‌డీపీఎల్ (నాన్ డ్యూటీ పెయిడ్ లిక్కర్) అని పట్టుకుంటారు. తాగి బండి నడిపి మొదటిసారి దొరికితే జరిమానా పదివేల దాకా ఉంటుంది, జైలు కూడా పడొచ్చు. క్యాబ్ డబ్బు బడ్జెట్‌లోనే పెట్టుకోండి.

ఒక వైన్, మూడు బీర్లు 1,440. మీ 1,500లో సరిపోతుంది. కానీ ఇప్పుడే కాదు. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకున్నా ఏడాదికి 42. బాకీ తీరేదాకా నెలకు మూడు బీర్లే, 540. పోయిన నెల అయిన 4,350లో అది పోగా మిగిలే 3,810ని నేరుగా కార్డుకే కట్టండి, దాని మీద కొత్తగా ఏమీ కొనకండి. రెండో నెలలో బాకీ తీరుతుంది. మీ ఆవిడ వైన్ సీసా మూడో నెలలో. ఈ సంగతి ఆమెతో ముందే చెప్పండి.