అబ్బాయిని ఎవరికి చూపించాలి?

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఇంటర్‌లో చేరిన మూడు నెలలకే అబ్బాయి కాలేజీకి వెళ్ళనంటున్నాడనీ, తెల్లవార్లూ మేలుకొని మధ్యాహ్నం దాకా పడుకుంటున్నాడనీ, అన్నం పళ్ళెం గది గుమ్మం దగ్గర పెట్టి రావలసి వస్తోందనీ రాశావు. కౌన్సెలింగా, సీబీటీయా (ఆలోచనలనూ చేతలనూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స), మందులా, ఏది మంచిదని అడిగావు. ముందు వాడి బాధేమిటో తేల్చుకో తల్లీ. ఏ చికిత్స అన్నది దాన్నిబట్టి తెలుస్తుంది.

అంతకన్నా ముందు చేయవలసింది ఒకటుంది. బతకాలని లేదని ఎప్పుడైనా అనిపించిందా అని వాడినే నెమ్మదిగా, సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని భయపడకు, అలా పుట్టదు. అవునంటే ఆ రోజే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి, ఒంటరిగా వదలకండి. ఏమన్నా అనకపోయినా, పెరటి కొట్టంలో మీ ఆయన ఉంచే పురుగుమందు డబ్బాలను ఇవాళే ఇంట్లో నుంచి తీసేయించు.

ఇక నా అనుభవం. మా అమ్మాయి పదో తరగతిలో ఉండగా చదువు మీద ధ్యాస తప్పిందనుకొని, జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పెంచుతామని బోర్డు పెట్టుకున్న ఒకాయన దగ్గరికి తీసుకువెళ్ళాను. పది సిట్టింగులకు డబ్బు ముందే కట్టించుకున్నాడు. మంచి ఆలోచనలు చేయమ్మా అని ప్రతిసారీ చెప్పి పంపేవాడే తప్ప, సబ్బు నీళ్ళకు పగిలి రక్తం చిమ్ముతున్న దాని వేళ్ళ సందులను ఒక్కసారైనా చూడలేదు. ఆరు నెలలు పోయాక ఒక సైకియాట్రిస్టు, అంటే మానసిక వైద్యుడు, చూసి, ఇది ఓసీడీ, అంటే వద్దన్నా వచ్చే భయాన్ని తగ్గించుకోవడానికి చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బు అని చెప్పి, మందులు లేకుండా మాటలతో, సాధనతో చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు. ఆమె చేయించిన చికిత్స వేరు. తలుపు గడియ ముట్టుకొని, చేతులు కడుక్కోకుండా, ఆ భయం దానంతటదే తగ్గేదాకా కూర్చోవాలి; ఈ రోజు గడియ, వారం తరవాత చెప్పుల అలమర. నాకూ ఒక పని అప్పజెప్పారు. అది ఏడవకూడదని నేను కొత్త సబ్బులు కొని ఇస్తూ, పంపు తిప్పి పెడుతూ వచ్చాను కదా, అదే జబ్బుకు మేత అవుతోందని చెప్పి మాన్పించారు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయినా దాని వేళ్ళు మానింది ఆ తరవాతే.

అందుకే చెబుతున్నాను, మూసుకున్న తలుపు బయటికి ఒకేలా కనిపించినా వెనక ఉన్నది దిగులు జబ్బు (డిప్రెషన్) కావచ్చు, పదిమందిలోకి వెళ్ళాలంటే పుట్టే భయం కావచ్చు, కాలేజీలో ఎవరైనా వేధించడం కావచ్చు, గంజాయి కావచ్చు, థైరాయిడ్ లోపమో రక్తహీనతో కూడా కావచ్చు. దిగులుకైతే సీబీటీ మంచిదే. మానేసిన పనులను చిన్న చిన్నవిగా మళ్ళీ మొదలుపెట్టించడం అందులో పెద్ద భాగం. చేతులు కోసుకునే పిల్లలకు, ఉద్వేగాన్ని తట్టుకోవడం నేర్పే డీబీటీ అని వేరే పద్ధతి ఉంది. తల్లిదండ్రుల తగాదాల మధ్య నలిగిపోతున్న పిల్లవాణ్ణి ఒక్కణ్ణే కుర్చీలో కూర్చోబెట్టి ప్రయోజనం లేదు, ఇంటిల్లిపాదీ కూర్చోవాలి.

కాబట్టి మొదటిసారి సైకియాట్రిస్టుకు చూపించు, వీలైతే ఈ వయసు పిల్లలను చూసేవారికి. మందులు రాయగలిగేది వైద్యులే, సైకాలజిస్టులు రాయరు. థెరపీకి వెళ్ళే క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందో లేదో మొహమాటపడకుండా అడుగు. కౌన్సెలర్ అన్న బోర్డు ఎవరైనా తగిలించుకోవచ్చు. ఇలాంటి పిల్లలను ఇంతకుముందు చూశారా, నయమవుతోందని మాకెలా తెలుస్తుంది అని కూడా అడుగు. మొదటి రోజే పూర్తిగా నయం చేస్తామనేవారి దగ్గర ఆగవద్దు. ఖర్చుకు వెనకాడవద్దు, హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్‌కు, అంటే 14416కు, ఏ వేళ ఫోన్ చేసినా ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు.

మందులు రాస్తే బెదిరిపోకు. దిగులుకు ఇచ్చే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈ వయసువారిలో కొందరికి మొదటి వారాల్లో చనిపోవాలన్న ఆలోచనలు పెరిగే ప్రమాదం ఉన్నందున అప్పుడు బాగా కనిపెట్టి ఉండాలి. కాస్త తేరుకున్నాడని మీ అంతట మీరు ఆపేయకూడదు.

లోపల వాడు చెప్పిన మాటలను నీకు చెప్పమని థెరపిస్టును ఒత్తిడి చేయకు. ప్రాణాపాయం ఉంటే వారే చెబుతారు. దారిలో ఏమడిగారురా అని ఆరా తీయవద్దు. మా అమ్మాయిని డాక్టరుగారు అడిగిన ప్రతి ప్రశ్నకూ నేనే జవాబు చెప్పాను. మూడోసారి ఆయన చేయెత్తి నన్ను ఆగమని సైగ చేస్తేగానీ నా తప్పు నాకు తెలియలేదు.

వాడితో చెప్పేటప్పుడు, నీలో ఏదో లోపముందని కాదు, నువ్వు సరిగా నిద్రపోయి ఎన్నాళ్ళో అయింది, ఆ బాధ తగ్గించుకుందాం అని మొదలుపెట్టు. మూడుసార్లు వెళ్ళి చూడమను. ఆ మనిషి నచ్చకపోతే ఇంకొకరిని చూద్దామని మాట ఇచ్చి, నిలబెట్టుకో.

బుధవారం ఉదయం బస్సుకు నేను వస్తున్నాను. చిన్నదాన్ని బడికి పంపడం, వంట నేను చూసుకుంటాను. మీ ఆయనను సెలవు పెట్టమని చెప్పు, మీరిద్దరూ వాడితో వెళ్ళండి.

ఇట్లు
మీ పెద్దమ్మ