తగ్గిన మలేరియా మళ్లీ ఎందుకొచ్చింది? మిగిలిన మాత్రలతోనే అసలు భయం

ప్రశ్న: మాది గాజువాక. మా తమ్ముడికి 26 ఏళ్లు, బరువు 58 కిలోలు. కరెంటు లైన్ల పని మీద మే నెలంతా చింతపల్లి మన్యం వైపు ఉండి వచ్చాడు. జూన్ రెండో వారంలో చలి జ్వరం వస్తే రక్తపరీక్ష చేసి వైవాక్స్ మలేరియా అన్నారు. మూడు రోజుల మాత్రలు, వాటితోపాటు రోజుకు రెండు చొప్పున 14 రోజులకు 28 చిన్న మాత్రలు ఇచ్చారు. జ్వరం పోయింది, కడుపులో మంటగా ఉందని చిన్న మాత్రలు 5 రోజులకే ఆపేశాడు. ఆగస్టు ఆఖర్లో మళ్లీ జ్వరం. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలతో తగ్గి, ఈ వారం మళ్లీ మొదలైంది. ఇప్పుడు మలేరియా పాత మందులకు లొంగడం లేదని, విదేశాల్లో ఒక్క మాత్రతో తగ్గించే కొత్త మందు వచ్చిందని షాపతను చెబుతున్నాడు. అది మనకు ఎక్కడ దొరుకుతుంది? మలేరియా టీకా ఎప్పుడొస్తుంది? మా మరదలికి ఇప్పుడు ఐదో నెల. తనకీ నాలుగు రోజులుగా జ్వరం ఉంటే తమ్ముడి దగ్గర మిగిలిన చిన్న మాత్రలే రెండు రోజులుగా వేస్తున్నాం, కాస్త నయంగానే ఉంది.
- ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అమ్మా, కొత్త మందు సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ ఉత్తరంలోని చివరి మాట. ఆ చిన్న మాత్రలు ప్రైమాక్విన్ అయి ఉండాలి. అది గర్భిణులకు ఇవ్వకూడని మందు. వెంటనే ఆపించండి. మీ మరదలిని ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. విశాఖలో ఘోషా ఆసుపత్రి అయినా, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ప్రసూతి విభాగం అయినా, ఆమెను నెలనెలా చూస్తున్న డాక్టరైనా సరే. జ్వరం తగ్గినట్టుంది కదా, సోమవారం వెళ్దాంలే అనుకోవద్దు.

ఎందుకు ఇవ్వకూడదో చెబుతాను. ఎర్ర రక్తకణాన్ని కాపాడే జీ6పీడీ అనే ఎంజైము కొందరికి పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. వాళ్లు మామూలుగా ఆరోగ్యంగానే తిరుగుతారు, ఆ లోపం ఉన్నట్టు వాళ్లకే తెలియదు. ప్రైమాక్విన్ పడితే మాత్రం ఎర్ర కణాలు పగిలిపోతాయి. తల్లికి పరీక్ష చేసి చూడొచ్చు. కడుపులో బిడ్డకు ఆ ఎంజైము ఉందో లేదో చూసే వీలు లేదు. తల్లికి లోపం లేకపోయినా బిడ్డకు ఉండొచ్చు, అందుకే ఏ నెలలోనైనా వద్దంటాం. రెండు రోజులు వేసినంత మాత్రాన కీడు జరిగి తీరుతుందని కాదు, చాలామందికి ఏమీ కాకపోవచ్చు. కానీ ఆమెను కళ్లతో చూడకుండా, రక్తం పరీక్షించకుండా నేనైనా మరొకరైనా ‘ఫర్వాలేదు’ అని రాయకూడదు.

మూత్రం టీ డికాషన్ రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చినా, గుండె దడ ఉన్నా ఓపీ చీటీ కోసం నిలబడొద్దు, నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి. బిడ్డ కదలికలు తెలియడం మొదలై ఉంటే, అవి తగ్గినా అంతే. అవేవీ లేకపోయినా హిమోగ్లోబిన్, బిలిరుబిన్ (కామెర్ల పరీక్ష), మూత్ర పరీక్ష, మలేరియా స్మియర్ (గాజు పలక మీద రక్తపు చుక్కను సూక్ష్మదర్శినితో చూసే పరీక్ష) అవసరం. మాత్రల ఖాళీ స్ట్రిప్ కూడా పట్టుకెళ్లండి. ‘ఏవో చిన్న మాత్రలు’ అంటే అక్కడి డాక్టరుకు ఏమీ తెలియదు.

ఆమెకున్నది మలేరియానే అని కూడా ఇంకా ఎవరూ తేల్చలేదు. ఈ కాలంలో మన దగ్గర డెంగీ ఉంటుంది, చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం ఉంటుంది. గర్భిణికి మూత్రనాళ ఇన్‌ఫెక్షన్‌తోనూ చలితో జ్వరం వస్తుంది. చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కట్టిన చిన్న పుండు ఉందేమో చూడమనండి. ఉంటే స్క్రబ్ టైఫస్‌ను అనుమానించాలి, దాని మందు వేరు. డెంగీ కాదని తేలేదాకా జ్వరానికి పారాసెటమాల్ తప్ప మరో నొప్పి మాత్ర వద్దు.

ఒకవేళ వైవాక్స్ అని తేలితే భయపడొద్దు. రక్తంలోని క్రిమిని చంపే క్లోరోక్విన్ గర్భిణులకు ఇవ్వదగ్గ మందే. కాలేయంలో దాగిన క్రిమి (దాని సంగతి కింద చెబుతాను) ప్రసవం అయ్యేదాకా మళ్లీ లేవకుండా వారానికోసారి క్లోరోక్విన్ ఇవ్వాలా అన్నది ఆమెను చూసే డాక్టరు నిర్ణయిస్తారు. ప్రైమాక్విన్ మాట ప్రసవం తర్వాతే, అదీ తల్లికీ బిడ్డకూ జీ6పీడీ చూశాక. మలేరియాలో మరింత ప్రమాదకరమైన రకం ఫాల్సిపారం అని తేలితే మాత్రం ఆసుపత్రిలో ఉంచి వైద్యం చేయించుకోవడమే మంచిది. గర్భిణుల్లో అది రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడేస్తుంది, రక్తహీనత వేగంగా ముదురుతుంది.

ఇక మీ తమ్ముడు. మందుకు లొంగని మలేరియా అని షాపతను తేల్చేశాడు గానీ, మీరు రాసిన లెక్కే వేరే మాట చెబుతోంది. 28 మాత్రల్లో 10 వాడి 18 మిగిల్చాడు. పని చేయలేదని మనం మందును ఎలా తప్పుపడతాం?

వైవాక్స్ క్రిమి రెండు చోట్ల ఉంటుంది. రక్తంలో ఉన్నది చలిని, జ్వరాన్ని తెస్తుంది. దాన్ని క్లోరోక్విన్ మూడు రోజుల్లో చంపుతుంది, జ్వరం పోతుంది, రోగం పోయిందనుకుంటాం. అదే సమయంలో మరికొన్ని కాలేయ కణాల్లో నిద్రపోతూ ఉంటాయి. క్లోరోక్విన్ వాటిని తాకదు. వారాలకో నెలలకో లేచి మళ్లీ రక్తంలోకి దిగుతాయి. ఆ నిద్రలో ఉన్నవాటి కోసమే 14 రోజుల ప్రైమాక్విన్. జూన్ రెండో వారం నుంచి ఆగస్టు ఆఖరుకు పది పదకొండు వారాలు. ఆ వ్యవధిని బట్టి చూస్తే కాలేయం నుంచి తిరగబెట్టినదే అనిపిస్తోంది. మందు మొదలెట్టిన 28 రోజుల్లోపే మళ్లీ వచ్చి ఉంటే అప్పుడు మందు విఫలమైందేమో, మోతాదు తక్కువైందేమో, వాంతిలో పోయిందేమో అని ఆలోచిస్తాం.

అయినా ఊహతో మందు వేయకూడదు. మందు ముట్టుకోకముందే స్మియర్ తీయించండి. ర్యాపిడ్ కిట్‌తో (అక్కడికక్కడే ఫలితం చూపే పట్టీ) పరీక్ష చేసినా స్మియర్ ఉండాల్సిందే, ఎందుకంటే ఆ పట్టీ మీద ఫాల్సిపారాన్ని పట్టే గీత క్రిములు చచ్చాక కూడా కొన్ని వారాలు కనిపించవచ్చు. చింతపల్లి వైపు రెండు రకాలూ ఉంటాయి, ఒకే మనిషిలో రెండూ కలిసి ఉండొచ్చు. ఒక్క స్మియర్ నెగెటివ్ వచ్చి జ్వరం ఆగకపోతే మర్నాడు మళ్లీ తీయించాలి.

వైవాక్సే అయితే, అతని బరువున్న పెద్దవాళ్లకు మామూలుగా ఇచ్చేది ఇది: 150 మి.గ్రా. బేస్ (అసలు మందు) ఉన్న క్లోరోక్విన్ మొదటి రోజు 4, రెండో రోజు 4, మూడో రోజు 2, మొత్తం 10 మాత్రలు. ప్రైమాక్విన్ కిలోకు 0.25 మి.గ్రా. లెక్కన, అంటే రోజుకు 15 మి.గ్రా., 7.5 మి.గ్రా. మాత్రలైతే రెండు, 14 రోజులు. పాతవి 9 రోజులవి మిగిలాయి కదా, అవి పూర్తి చేస్తే సరి అనుకోవద్దు. మొదటి రోజు నుంచి మళ్లీ మొదలే. ఈ మోతాదు మీరు అర్థం చేసుకోవడానికి రాస్తున్నాను, షాపులో చూపించి కొనడానికి కాదు. అతన్ని పరీక్షించిన డాక్టరు రాసిందే లెక్క.

ఈసారి ప్రైమాక్విన్‌కు ముందు జీ6పీడీ పరీక్ష అడిగి చేయించండి. మొదటిసారి 5 రోజులు వేసుకున్నా ఏమీ కాలేదు కాబట్టి అక్కర్లేదని అనుకోవద్దు. ఆ రోజుల్లో మూత్రం రంగు ఎలా ఉందో అతన్ని అడగండి, డాక్టరుకు చెప్పండి. లోపం ఉన్నట్టు తేలినా దారి ఉంది: కిలోకు 0.75 మి.గ్రా. చొప్పున వారానికోసారి 8 వారాలు, డాక్టరు కనిపెట్టుకుని ఉండగా ఇస్తారు.

కడుపులో మంట అన్నారు. ప్రైమాక్విన్ పరగడుపున వేస్తే మంట వస్తుంది. అన్నం తిన్న వెంటనే వేసుకుంటే చాలామందికి ఆ బాధ ఉండదు. ఈ ఒక్క ముక్క జూన్‌లో ఎవరైనా అతనికి చెప్పి ఉంటే ఈ ఉత్తరం అవసరమే రాకపోయేదేమో. మాత్ర వేసిన అరగంటలోపు వాంతైతే మళ్లీ వేయాలి. మర్చిపోకుండా క్యాలెండర్ మీద 14 గళ్లు గీసి రోజూ ఒకటి కొట్టేయండి, అది మీరే చేయండి. వారం తర్వాత ఒంట్లో ఏ బాధా ఉండదు, మాత్రలు మానేసేది సరిగ్గా అప్పుడే.

ఆగస్టులో షాపులో ఇచ్చిన మాత్రల పేరు మీరు రాయలేదు, బహుశా మీకు తెలియదు. కత్తెరతో స్ట్రిప్ ముక్కలు కోసి కవర్లో వేసిస్తారు. ఆ ముక్క మీద పేరూ ఉండదు, గడువు తేదీ ఉండదు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే, దీన్ని మార్చుకోవాల్సింది మనమే. జ్వరం అనగానే పరీక్ష లేకుండా రెండు క్లోరోక్విన్ మాత్రలో, ఒక ఆర్టీమీథర్ ఇంజెక్షనో వేయించుకోవడం మానండి. ఆర్టీమీథర్ లాంటి ఆర్టెమిసినిన్ జాతి మందులు ఒంట్లో కొన్ని గంటలే ఉంటాయి. అందుకే వాటిని ఎప్పుడూ ఎక్కువ కాలం నిలిచే మరో మందుతో కలిపి మూడు రోజులు ఇస్తారు. ఒంటరిగా ఒకటి రెండు మోతాదులు పడితే జ్వరం తగ్గుతుంది, బలహీనమైన క్రిములు చస్తాయి, తట్టుకున్నవి మిగులుతాయి. ఆ మిగిలినవాటినే దోమ ఇంకొకరికి మోస్తుంది. ఆర్టెమిసినిన్ ఒక్కటే ఉన్న మాత్రలను మన దేశంలో నిషేధించింది ఇందుకే. ఆర్టెమిసినిన్ జాతి మందులకు లొంగని మలేరియా ఆగ్నేయాసియాలో కంబోడియా వైపు ఇప్పటికే తలెత్తింది. 1971-72లో చైనాలో శాస్త్రవేత్త తు యూయూ బృందం, వేడి తగిలితే పాడవుతోందని తక్కువ వేడిలో ఈథర్‌తో ఆర్టెమిసియా ఆకు సారం తీసి సాధించిన మందు ఆర్టెమిసినిన్. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. అలాంటి మందు చేజారితే దాని స్థానంలో పెట్టడానికి సిద్ధంగా పెద్దగా ఏమీ లేవు.

ఒక్క మాత్ర మందు అని షాపతను చెప్పింది అబద్ధం కాదు. దాని పేరు టాఫెనోక్విన్. 2018లో అమెరికా అనుమతించింది, పెద్దవాళ్లకు 300 మి.గ్రా. ఒకేసారి. అయితే అది ప్రైమాక్విన్‌కు దాయాదే. ఒంట్లో వారాల తరబడి ఉంటుంది, కాబట్టి జీ6పీడీ లోపం ఉన్నవాళ్లకు పొరపాటున పడితే మధ్యలో ఆపే వీలుండదు. ఉందా లేదా అని చెప్పే మామూలు పరీక్ష చాలదు, ఎంత శాతం ఉందో కొలిచే పరీక్ష కావాలి. దీన్నీ క్లోరోక్విన్‌తో కలిపే వాడాలి, దీన్నీ గర్భిణులకు ఇవ్వరు. మీ తమ్ముడి కోసం దీన్ని ఎవరి ద్వారానో తెప్పించే ప్రయత్నం చేయొద్దు.

ప్రైమాక్విన్ 1952లో వచ్చింది. దాని తర్వాతిది 2018లో. ఇన్నేళ్లు ఎందుకు పట్టిందంటే, ఫాల్సిపారం క్రిమిని 1976 నుంచి ప్రయోగశాలలో రక్తంలో పెంచగలుగుతున్నారు, వేల రసాయనాలను దాని మీద పరీక్షించి చూడగలుగుతున్నారు. వైవాక్స్ అలా పెరగదు. అది లేత ఎర్ర కణాల్లోకే దూరుతుంది. కాలేయంలో నిద్రపోయే దాని రూపాన్ని పట్టుకోవడం మరీ కష్టం, ఏ రసాయనం దాన్ని చంపుతుందో చూడాలంటే ముందు అది చేతికి దొరకాలి కదా. అందుకే ఇప్పటికీ ఆ పని చేసే మందులన్నీ ఒకే కుటుంబానివి. ఆ కుటుంబం మూలం వెతికితే 1891లో పాల్ ఎర్లిష్ ఇద్దరు మలేరియా రోగులకు ఇచ్చిన మిథిలీన్ బ్లూ అనే అద్దకపు రంగు దగ్గరికి వెళ్తాం. మీ ఇంట్లో మిగిలిపోయిన ఆ 18 మాత్రల వెనక అంత పని ఉంది.

టీకా సంగతి క్లుప్తంగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒకటి, 2023లో రెండోది సిఫారసు చేసింది. రెండోది పుణెలోనే తయారవుతోంది. రెండూ ఫాల్సిపారం కోసం, ముఖ్యంగా ఆఫ్రికా పసిపిల్లల కోసం చేసినవి. మీ తమ్ముడికి వచ్చిన వైవాక్స్ మీద అవి పని చేయవు.

ఇక ఇల్లు. మీ మరదలు చింతపల్లి వెళ్లినట్టు మీరు రాయలేదు. ఆమెకు నిజంగా మలేరియానే అయితే దోమ గాజువాకలోనే కుట్టి ఉంటుంది. ఆగస్టు ఆఖర్లో మీ తమ్ముడి రక్తం తాగిన అనాఫిలిస్ (మలేరియాను మోసే దోమ)లో క్రిమి పక్వానికి రావడానికి పది నుంచి పద్నాలుగు రోజులు, ఆ దోమ కుట్టాక జ్వరం రావడానికి మరో రెండు వారాలు. కూడితే దాదాపు నెల. పట్నంలో ఈ దోమ మురుగులో పెరగదు, మంచినీళ్లలో పెరుగుతుంది. డాబా మీది ట్యాంకు మూత చూడండి. మూత ఉండటం కాదు, అంచు దగ్గర వేలు దూరేంత సందు ఉన్నా చాలు. పొంగు గొట్టానికి సన్నని దోమల వల కట్టండి. పక్కన ఇల్లు కడుతుంటే అక్కడి నీళ్ల తొట్టి, స్లాబు మీద నిలిపిన నీళ్లు కూడా చూడండి. అనాఫిలిస్ పిల్ల నీటి పైతలానికి సమాంతరంగా, అడ్డంగా పడుకుని ఉంటుంది. తలకిందులుగా వేలాడుతుంటే అది వేరే జాతి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టే శుక్రవారం శుక్రవారం డ్రై డే పాటించమంటారు. ఒక్క వారం తప్పితే ఒక తరం దోమలు ఎగిరిపోయినట్టే.

రిపోర్టు పాజిటివ్ వస్తే వార్డు సచివాలయంలో ఆరోగ్య కార్యదర్శికి గానీ ఏఎన్ఎంకు గానీ ఆ రోజే చెప్పండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. వాళ్లు చుట్టుపక్కల జ్వరాలున్న వాళ్లందరి రక్తం తీస్తారు, ట్యాంకుల్లో మందు వేస్తారు. ప్రైవేటులో పరీక్ష చేయించుకుని ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటే, ఆ వీధిలో ఇంకెవరికి ఉందో ఎవరికీ తెలియదు. ఇద్దరికీ జ్వరం ఉన్నన్నాళ్లూ పగలైనా రాత్రైనా దోమతెరలోనే పడుకోబెట్టండి. అనాఫిలిస్ ఎక్కువగా కుట్టేది చీకటి పడ్డాకే.

మీ తమ్ముడు మళ్లీ లైన్ల పనికి మన్యం వెళ్తే మందు అద్దిన దోమతెర వెంట తీసుకెళ్లాలి. వచ్చాక ఏడాది లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, ‘చింతపల్లిలో ఉండి వచ్చాను, జూన్‌లో వైవాక్స్ వచ్చింది’ అని ముందే చెప్పాలి. ఇప్పుడు మాత్రం జ్వరంతో పాటు మాట తడబడినా, మగత వచ్చినా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి ఆడకపోయినా, మూత్రం తగ్గినా రిపోర్టుల కోసం ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

మీ మరదలు వేసుకున్నవి పోగా ఆ 18లో ఇంకా మిగిలి ఉన్న మాత్రలను కూడా ఈ రోజు ఆసుపత్రికి పట్టుకెళ్లి డాక్టరు చేతికి ఇచ్చేయండి.