నోట్సు ఒక్క కమాండ్‌తో కార్డులవుతుందా?

ప్రశ్న: ఒడిశాలో ఉద్యోగ పరీక్షకు చదువుతున్నాను. నోట్సంతా టెక్స్ట్ ఫైల్లో ఉంది, సగం తెలుగు, సగం ఒడియా. ఒక్కొక్కటీ ఒక వైపు ప్రశ్న, ఇంకో వైపు జవాబు ఉండే కార్డుగా రాసుకోవాలంటే టైమ్ చాలట్లేదు. దారి చెప్పండి సార్.
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: తమ్ముడూ, మళ్లీ టైప్ చేయకు. లైనుకో ప్రశ్న పెట్టు, జవాబుకి ముందు రెండు కోలన్లు. ఇలా: ‘గజపతి జిల్లా ఎప్పుడు ఏర్పడింది :: 1992 అక్టోబర్ 2’. లైనక్స్ అనే కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో సెడ్ (sed) అనే కమాండ్ ఉంది. ఆ కోలన్ల చోట ట్యాబ్ పెట్టమంటే ఫైలు మొత్తం రెప్పపాటులో మారుస్తుంది. దాన్ని ఆంకీ (Anki) అనే కార్డుల యాప్‌లో ఇంపోర్ట్ చేసుకో, ట్యాబ్‌ని బట్టి ప్రశ్న, జవాబు విడిపోతాయి. ఫైలు యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలూ భద్రపరిచే పద్ధతి) ఉంటే రెండు లిపులూ చెక్కుచెదరవు.

బరంపురంలో చదివే రోజుల్లో నేను ఒక్క అట్టముక్క మీద పేరా అంతా ఎక్కించేవాణ్ని. తిప్పి చూస్తే ఏది గుర్తుందో, ఏది మరిచానో తేలేది కాదు. ఎంత కాలం వృథా అయిందో! నువ్వు కార్డుకి ఒక్క సంగతే రాయి. ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైన 1936 ఏప్రిల్ 1 ఒక కార్డు. 1937లో ఒడిశా తొలి ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) అయిన మీ ఊరి మహారాజు కృష్ణచంద్ర గజపతి ఇంకో కార్డు.

కమాండ్ కొట్టే ముందు అసలు ఫైలుకి కాపీ తీసి పెట్టుకో.