రోజుకో పాకెట్ కార్టూన్, అదీ యాభై ఏళ్లు... ఎలా?

"కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ అన్నేళ్లు ఒక్క గడిలో ఎలా నవ్వించగలిగాడు? పుట్టుకతో వచ్చే విద్యేనా?" అని అడిగారు. పుట్టుకతో వస్తుందనేవాళ్లెవరూ ఎండిపోయిన పాళీ కడిగి ఉండరు.

టైమ్స్ ఆఫ్ ఇండియాలో ఆయన పాకెట్ కార్టూన్ 'యూ సెడ్ ఇట్' 1951లో మొదలైంది. తొలిరోజుల్లో ఆయన దేశంలోని జనాన్ని చూపించాలని బెంగాలీ, తమిళుడు, పంజాబీ అంటూ గుంపునే గీసేవాడు. వేళకి బొమ్మ ఇవ్వాలిగా, ఒక్కొక్కళ్లే రాలిపోయారు. చివరికి మిగిలింది గళ్ల కోటు, పంచె, కళ్లజోడు ఉన్న పెద్దాయన. మనిషీ, వేషం తయారుగా ఉన్నాయి కాబట్టి రోజూ ఆలోచించాల్సింది సందర్భం ఒక్కటే. పైగా ఆ పెద్దాయన నోరు విప్పడు. గడిలో ఉన్నవాడే నవ్వేస్తే చదివేవాడికి ఏం మిగులుతుంది?

ఉదాహరణకి మనమే ఒకటి వేద్దాం: మంత్రిగారి కోసం రాత్రికి రాత్రి వేసిన రోడ్డు. ఆయన వెళ్లగానే కాంట్రాక్టరు దాన్ని చాపలా చుట్టిస్తున్నాడు. "మంత్రిగారి పర్యటన ముగిసింది కనుక తాత్కాలికంగా వేసిన ఈ రోడ్డు తీసేయండి" అని రాస్తే అది ప్రెస్ నోటు. "కారు మలుపు తిరిగింది... ఇక చుట్టెయ్యండ్రా!" చాలు. తెలుగులో క్రియ చివర వస్తుంది, అది మనకి అచ్చొచ్చిన సంగతి, పేలాల్సిన మాట అక్కడ పెట్టండి. కన్ను ఎడమ నుంచి కుడికి పోతుంది గనక వెళ్లిపోయే కారు ఎడమ మూల చిన్నగా, చుట్టిన రోడ్డు కుడివైపు పెద్దగా. తారుమారు చేస్తే జోకు ముందే తెలిసిపోతుంది.

గీత దగ్గరికొస్తే, రెండంగుళాల్లో అచ్చయ్యే బొమ్మ నాలుగంగుళాల్లో వెయ్యాలి. సగానికి తగ్గితే 0.3 మిల్లీమీటర్ల గీత 0.15 అవుతుంది. అంతకంటే సన్నమైతే అచ్చులో తెగిపోతుంది. నీడ కోసం దగ్గరదగ్గరగా కొట్టిన గీతల మధ్య ఒక మిల్లీమీటరైనా లేకపోతే న్యూస్‌ప్రింట్ సిరా పీల్చి మొత్తం మసిబొగ్గు చేస్తుంది. స్కెచ్ హెచ్‌బీ పెన్సిల్‌తో, పైపైన. అంతకంటే మెత్తటి 2బీ వాడితే మరకలు. బొమ్మలకి వాడే నల్ల సిరా, ఇండియన్ ఇంకులో లక్క ఉంటుంది, పాళీ మీద ఇట్టే గట్టిపడుతుంది కాబట్టి రెండు మూడు నిమిషాలకోసారి తడిగుడ్డతో తుడవాలి. ఫౌంటెన్ పెన్నులో పోస్తే ఆ పెన్ను ఇక పారేసుకోవడమే. సిరా పూర్తిగా ఆరాకే రబ్బరు ముట్టుకోండి.

చాలామంది చెడగొట్టేది మాత్రం అక్షరాలు. బొమ్మంతా వేసి, మిగిలిన సందులో మాటలు ఇరికిస్తారు. ముందు మాటలు రాసుకుని, తర్వాత వాటి చుట్టూ మాటల బెలూన్ గియ్యాలి. ఇంగ్లీషు కార్టూన్ చూసి వరుసల ఎడం కొలుచుకుంటే మన పని గోవిందా: పై వరుసలో 'స్త్రీ' కింద ఒత్తు దిగుతుంది, కింది వరుసలో గుడి లేస్తుంది, రెండూ గుద్దుకుంటాయి. అక్షరం ఎత్తుకి కనీసం అంతే ఎడం వదలండి. వరుసకి మూడు మాటలు, మొత్తం పన్నెండు దాటొద్దు. ఈమధ్య ముచ్చటగా చేత్తో వేసిన బొమ్మలో కంప్యూటర్ ఫాంటు అతికిస్తున్నారు, పంచె మీద టై కట్టినట్టుంటుంది. అదే పాళీతో, అదే చేత్తో రాయండి.